పూలు పడని కోడలు

చామంతి గంప వాకిట్లో దిగేసరికి కోడలు పెరట్లోకి పోతుందని అమరావతి కనిపెట్టింది. ఒకసారి అయితే కాకతాళీయం అనుకోవచ్చు. మూడుసార్లయితే అలవాటనుకోవచ్చు. ఏడోసారికి అమరావతి గోడమీది క్యాలెండర్లో పెన్సిలుతో గుర్తులు పెట్టడం మొదలుపెట్టింది. పాలవాడు రాని రోజుకు సున్నా, కోడలు పెరట్లోకి పోయిన రోజుకు చుక్క. కార్తీకం సగమయ్యేసరికి సున్నాలకంటే చుక్కలే ఎక్కువయ్యాయి.

పుంగనూరు బస్టాండు పక్కన శ్రీనివాసులు పూలంగడి. అంగట్లో ఆయన మూరలు కొలుస్తాడు, ఇంట్లో ఆయన భార్య అమరావతి కడుతుంది. ఒక్కగానొక్క కొడుకు దేవేంద్ర కుప్పంలో గ్రానైటు పాలిష్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ఆదివారాలు వచ్చి పోతుంటాడు. అక్కడ అద్దెకు ఇల్లు దొరికేదాకా అతని భార్య నీరజ అత్త దగ్గర ఉంటోంది. పెళ్ళయి ఆరు నెలలు.

మల్లెలైతే నీరజ చేతివాటం చూసి తీరాలి. రెండు మొగ్గలిటు, రెండు మొగ్గలటు పెట్టి, దారం ఒక మెలిక తిప్పి బొటనవేలితో అదిమిందంటే ఇక ఆ ముడి విప్పడం కట్టినవాళ్ళ తరం కూడా కాదు. కనకాంబరాలూ అంతే. తప్పు పట్టడానికి ఏమీ దొరక్క అమరావతికి నోట్లో వక్క లేనట్టు ఉండేది. ఆ లోటు చామంతులు తీర్చాయి.

మంగళవారం పొద్దున గంప మీది తడిగోనె తీస్తూ పిలిచింది.

"నీరజా, రామ్మా. సాయంత్రానికి నూరు మూరలు కావాలంట మీ మామకు."

"తలనొప్పిగా ఉండాదత్తా. మల్లెలన్నీ నేను కట్టేస్తా, అవి మీరు కట్టండి."

"మల్లెలకు రాని తలనొప్పి చామంతులకు యాల వచ్చిందమ్మా?"

నీరజ జవాబుగా రెండు తుమ్ములు తుమ్మి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని పెరట్లోకి పోయింది. అమరావతి చెవికి ఆ తుమ్ములు చేసి పెట్టుకున్నట్టే వినిపించాయి. నిజం తుమ్ము మనిషిని అడిగి రాదు. ఇవి గంప వైపు చూసి మరీ వచ్చాయి.

అడగవచ్చు కదా అంటే, అడిగితే అబద్ధం చెబుతారు. అందుకని అమరావతి ఎప్పుడూ ఎవరినీ ఏదీ అడిగి తెలుసుకోదు. చూసుకుంటుంది.

కోడలు బండమీద గుడ్డలు ఉతుకుతున్న చప్పుడు నిలకడగా వస్తుండగా, అమరావతి ఆమె ట్రంకుపెట్టె సర్దింది. వెతకడం వేరు, సర్దడం వేరు. చీరల అడుగున ఒక ప్లాస్టిక్ సబ్బుపెట్టె దొరికింది. మూత తీస్తే సబ్బు లేదు. చిటికెన వేలంత గాజు మందు బుడ్లు రెండు, తేనెరంగువి. కవరు విప్పని సిరంజి ఒకటి. మాత్రల అట్ట ఒకటి. నాలుగు మడతల కాగితం ఒకటి. కాగితం మీద ఒక మనిషి కాలు బొమ్మ, తొడకు వెలుపలి పక్క ఎర్ర ఇంకుతో ఇంటూ గుర్తు. పక్కన సిరంజి బొమ్మ, సగానికి ఎర్రగీత. కింద నాలుగు వరుసల రాత. డాక్టర్ల రాత అది, ఏ భాషో రాసినవాళ్ళకే తెలియాలి.

చక్కెర జబ్బా? ఇరవై రెండేళ్ళకా? మత్తుమందా? మత్తులో ఉండే పిల్ల మల్లెలు అంత ఒద్దికగా కట్టదు. కాలు బొమ్మ చూస్తే చేతబడేమోనన్న ఆలోచన కూడా వచ్చింది కానీ, చేతబడి చేసేవాళ్ళు మాత్రల అట్ట పెట్టరని అమరావతే దాన్ని కొట్టేసింది. ఒక బుడ్డి కొంగున ముడేసుకుని, మిగతావి ఎక్కడివక్కడ పెట్టేసింది.

బుధవారం మెడికల్ షాపు మణికంఠ ఆ బుడ్డిని వెలుతురుకు ఎత్తి చూశాడు.

"ఇది నీకెట్ల వచ్చిందక్కా?"

"దావలో పడుంటే తెచ్చినా."

"దావలో పడేది కాదే ఇది! గుండె నిలిచిపోయేటప్పుడు వేస్తారు ఆస్పత్రిలో. దీంతో ఇంకా ఏమేమో పనులుంటాయి గానీ, మా కాడ ఎవరూ అడగరు. ఎండ తగలనీయాకు, చీకట్లో పెట్టు."

దారిలో ఎవరినీ పలకరించకుండా అమరావతి ఇంటికి వచ్చేసింది. గుండెజబ్బు పిల్లను అంటగట్టారన్నమాట! కానీ గుండెజబ్బుకు చామంతికి ఏమిటి సంబంధం? ఎంత తిప్పినా రెండూ ఒక దారానికి రాలేదు. చివరకు విడివిడిగానే కట్టుకుంది. ఒకటి, పిల్లకు జబ్బు. రెండు, పిల్లకు ఒళ్ళు బద్ధకం. రెండూ దాచారు. మణికంఠ చెప్పినట్టే బుడ్డిని వంటింట్లో మెంతుల డబ్బా అడుగుకు తోసింది. అంతకంటే చీకటి ఆ ఇంట్లో లేదు.

రాత్రి అన్నం దగ్గర భర్త కోడలు లేని సమయం చూసి అన్నాడు.

"ఆ పిల్లను చామంతుల జోలికి పిలవాకు అమరా."

"యాల?"

"ఊరికే."

"ఊరికే అంటే?"

"ఊరికే అంటే ఊరికేలే. చారు పొయ్యి."

అమరావతి చారు పోసింది. పోస్తూ ఆయన ముఖం చూసింది. ఆయన విస్తట్లోకి చూశాడు. ముప్పై ఏళ్ళలో ఈ మనిషి ఊరికే ఒక మాటన్నది లేదు. అంటే ఈయనా అటు చేరిపోయాడు.

గురువారం మధ్యాహ్నం మిద్దె మీద ఎండబెట్టిన చామంతి రేకలు దించింది. అమ్ముడుపోని పూలు పారేసే అలవాటు ఆ ఇంట్లో లేదు. ఎండబెట్టి, సీకాయతో కలిపి విసిరితే తలకు చల్లదనమని అమరావతి అత్త నాటి నుంచీ వాడుక. నీరజ మాత్రం ఆ పొడి ముట్టలేదు. పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఉత్త సీకాయ, చిన్న స్టీలు డబ్బాలో స్నానాలగది గూట్లో పెట్టుకుంది. అదీ అమరావతి లెక్కలో ఒక చుక్కే.

రేకలు రోట్లో వేసి మెత్తగా నూరింది. పలుచటి గుడ్డలో వేసి జల్లించింది. రేకల పసుపుకు, సీకాయ రంగుకు పెద్ద తేడా కనబడకుండా ఉండాలంటే ఎంత కలపాలో చేత్తోనే అంచనా కట్టింది. ఒక గుప్పెడు. తెలియకుండా తగిలి కూడా ఏమీ కాకపోయిందంటే నాటకమని తేలిపోతుంది. పాలల్లో నీళ్ళు కలిశాయో లేదో గోటిమీద చుక్క వేసి చూడమా? ఇదీ అంతే. ఆదివారం కొడుకు వచ్చేటప్పటికి రుజువు చేతిలో ఉండాలి. డబ్బా మూత పెడుతున్నప్పుడు చెయ్యి ఒక్క క్షణం ఆగింది. గుండెజబ్బు నిజమైతే? ఛ, పూలకు గుండె ఆగినవాళ్ళు ఈ లోకంలో ఎవరున్నారు, అనుకుని మూత బిగించింది.

శుక్రవారం తెల్లవారాక నీరజ తలస్నానానికి పోయింది. అమరావతి తలుపు బయట చెంబులు తోమడానికి కూర్చుంది. నిన్ననే తోమిన చెంబులు. లోపల నీళ్ళ చప్పుడు. డబ్బా మూత తీసిన చప్పుడు. పొడి కలిపిన చప్పుడు. చాలాసేపు ఏమీ లేదు.

"అదీ సంగతి," అనుకుంది అమరావతి, చెంబుతో.

అప్పుడొక తుమ్ము వినిపించింది. తర్వాత వరసగా నాలుగు. తర్వాత దగ్గు. దగ్గులో ఏదో ఈల లాంటిది.

అమరావతి చేతిలో పీచు ఆగిపోయింది. పొడిలో ఏముందో లోపలున్న పిల్లకు తెలియదు. తెలియని మనిషి నటించడం ఎట్లా? తాను పెట్టిన పరీక్ష చాలా బాగా జరిగింది. తేలవలసింది తేలింది. తేలింది కోడలి నాటకం కాదు.

లోపల బకెట్టు మీద చెంబు పడిన చప్పుడు.

"నీరజా! తలుపు తియ్ నీరజా!"

లోపల్నుంచి గడియ తీసేటప్పటికే పిల్ల గోడకు ఆనుకుని ఉంది. తడి లంగా ఒంటికి చుట్టుకుని ఉంది, జుట్టులోంచి సీకాయ నురుగు కారుతోంది. పెదవులు ఎవరో కొట్టినట్టు ఉబ్బాయి. కళ్ళు గీతలయ్యాయి. మెడ మీద, చేతుల మీద అరచేతంత దద్దుర్లు. నోరు తెరిచింది. వచ్చిన గొంతు నీరజది కాదు, ఎవరో ముసలిదాని గొంతు.

"పె... పెట్టె..."

పెట్టె ఎక్కడుందో నీరజ చెప్పలేదు. అమరావతి అడగలేదు. ఒక్క ఉదుటున పోయి, ట్రంకులో చీరల కింద చెయ్యి పెట్టి, సబ్బుపెట్టె పట్టుకుని వచ్చేసింది. ఆ ఉబ్బిన కళ్ళ సందుల్లోంచి నీరజ ఆ పెట్టె వైపు, తర్వాత అత్త వైపు చూసింది. అడగడానికి ఊపిరి లేదు.

పిల్ల వణికే వేళ్ళతో బుడ్డి మెడ విరిచింది. మెడ కాదు, బుడ్డే చిట్లింది. మందు గచ్చు మీద నాలుగు చుక్కలై సబ్బునీళ్ళలో కలిసిపోయింది. నీరజ పెట్టె తలకిందులు చేసింది. మాత్రలు పడ్డాయి, కాగితం పడింది.

"రెండు... రెండుండాల..."

చెప్పకపోవడానికి వీలుందా అని అమరావతి మనసు ఆ క్షణంలో కూడా ఒకసారి వెతికింది. లేదు. వంటింట్లోకి పరుగెత్తింది. మెంతుల డబ్బా గచ్చు మీద బోర్లించింది. మెంతులన్నీ నాలుగు మూలలా పారిపోయాయి, మధ్యలో బుడ్డి మిగిలింది. తెచ్చి కొంగుతో పట్టుకుని, మెడ దగ్గర ఒక్క నొక్కు నొక్కి విరిచింది. పూలకాడలు చిదిమే చెయ్యి. చిట్లలేదు.

కాగితంలో ఎర్రగీత సగానికి ఉంది. సిరంజిలో సగానికి లాగింది. కాగితంలో ఇంటూ గుర్తు తొడ వెలుపలి పక్క ఉంది. నీరజ అదే చోట రెండు వేళ్ళతో కొట్టి చూపించింది. తడిలంగా పైకి తీయబోతే తల అడ్డంగా ఊపింది. గుడ్డ మీదుగానే, నిటారుగా. అమరావతి కళ్ళు మూసుకోబోయి, మూసుకోకుండా, సూది దించేసింది.

తర్వాత చేయవలసినదంతా చేతులే చేశాయి. పిల్లను వసారాలో పడుకోబెట్టి కాళ్ళ కింద దిండ్లు ఎత్తుగా పెట్టింది. మంచినీళ్ళు తాపబోతే నీరజ చేత్తో నెట్టేసింది. పక్కింటి చెంగమ్మను కేకేసి ఆటోకు, అంగడికి తరిమింది. బిందె తెచ్చి తల కింద పళ్ళెం పెట్టి, నురుగు పోయేదాకా జుట్టు కడుగుతూనే ఉంది. నీళ్ళు పసుపుగా పోతున్నాయి. సీకాయ నీళ్ళు అంత పసుపుగా పోవు. ఆ సంగతి ఇద్దరికీ కనిపిస్తోంది.  మూడో బిందె సగంలో ఉండగా దగ్గులోని ఈల కొంచెం సన్నబడింది.

ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరు ఇంకేవో రెండు సూదులు వేసి, ఆక్సిజన్ పెట్టి, "బాగానే ఉండాదని పిల్చుకొని పోవద్దండి. తగ్గినట్టే తగ్గి మళ్ళీ రావచ్చు. సాయంత్రం దాకా ఈడనే ఉండాల," అన్నాడు. "మొదటిది ఎవరు వేసినారు?"

"నేనే," అంది అమరావతి, దొంగతనం ఒప్పుకున్నట్టు.

"మంచి పని చేసినారు. అది పడకపోయింటే నా కాడికి తెచ్చే పనుండేది కాదు."

శ్రీనివాసులు ఆస్పత్రి వసారాలో బల్ల మీద తల పట్టుకుని కూర్చున్నాడు. చేతికి ఇంకా చామంతి రేక ఒకటి అంటుకుని ఉంది. అమరావతి ఆ చెయ్యి చూసి, "పోయి సబ్బుతో కడుక్కునిరా," అంది. కడుక్కుని వచ్చాక అడిగింది. చాలా ఏళ్ళ తర్వాత అమరావతి ఒక మనిషిని, చెప్పేది నమ్ముదామని ఒక సంగతి అడగడం అదే.

"నీకు తెలుసా?"

"పెండ్లి మాటలప్పుడే చెప్పినాడు వాళ్ళ నాయన. చామంతి పడదు, పొద్దుతిరుగుడు పడదు, మల్లె కనకాంబరం పర్వాలేదని. పూలంగడాయనకే పూలు పడని పిల్లనిస్తాండామని నగినాడు గూడా."

"దేవేంద్రకు?"

"వానికి తెలీకుండా ఎట్లుంటాది?"

"చెంగమ్మకు గూడా తెలుసా ఏంది?"

శ్రీనివాసులు కడుక్కున్న చెయ్యినే మళ్ళీ పంచెకు తుడుచుకున్నాడు. అంటే తెలుసు.

"మరి నాకు యాల చెప్పలేదు?"

"చెప్తే నువ్వు నమ్మేదానివా?" అన్నాడాయన కోపం లేకుండా. "పనికి ఎగ్గొట్టేదానికి అంటాండాదని పరీక్ష పెట్టేదానివి."

అమరావతి గోడమీది కుటుంబ నియంత్రణ బోర్డును పైనుంచి కింది దాకా రెండుసార్లు చదివింది.

శనివారం పొద్దున నీరజ మదనపల్లెలో తనను కాలేజీ రోజుల నుంచి చూస్తున్న డాక్టరమ్మ దగ్గరికి బయల్దేరింది. కొత్త మందు తెచ్చుకోవాలి. చేతిలో ఒక సంచి, దాంట్లో నాలుగు చీరలు. డాక్టరు దగ్గరికి నాలుగు చీరలెందుకో అమరావతికి అనుమానం వచ్చింది. అడగలేదు. రమ్మనకుండానే బస్సెక్కింది. దారంతా ఇద్దరి మధ్యా సంచి కూర్చుంది.

డాక్టరమ్మ పొట్టిగా, కళ్ళద్దాల మీదుగా చూసే మనిషి.

"ఏం తగిలిందమ్మా?"

"తెలీదు మేడం. తలస్నానం చేస్తాంటే వచ్చింది," అంది నీరజ గోడ వైపు చూస్తూ.

"సీకాయతోనా? నాలుగేండ్లుగా పడినది ఇప్పుడెందుకు పడలేదు? సరే, మానేయ్. తిండి కూడా చూడాల. పల్లీలు, నువ్వులు, గుడ్డు ఒక నెల ఆపి..." డాక్టరమ్మ కాగితం మీద రాసుకుపోతోంది.

అమరావతి ఆ కలం వైపు చూస్తూ కూర్చుంది. వరస మీద వరస. పిల్ల నోటి దగ్గరి కూడు ఒక్కొక్కటే కొట్టేస్తున్నారు. నీరజ ఏమీ అనడం లేదు. తనను కాపాడుతోందో, తానే చెబుతుందేమో చూద్దామని ఊరకుందో తెలియదు. ఆ పిల్ల కూడా పరీక్ష పెట్టడం నేర్చుకున్నట్టుంది.

"సీకాయ కాదు," అంది అమరావతి. "చామంతి. సీకాయలో నేనే కలిపినా."

కలం ఆగింది.

"పడదని తెలిసేనా?"

"పడదని తెలీదు. పడదంటుందని తెలుసు."

 డాక్టరమ్మ రాసిన కాగితం చింపి బుట్టలో వేసింది.

"ఇంత పెద్దదానివై ఏం పనమ్మా అది? పిల్ల పోయింటే? పోలీసులకు చెప్పాలంటే చెప్పుకోవచ్చు, తెలుసునా నీరజా?"

"తెలుసు మేడం."

అంతే అంది. వద్దనలేదు, చెబుతాననలేదు. 

"ఇట్ల తిరుగు," అంది డాక్టరమ్మ అమరావతితో. "సూది వేసిన చెయ్యి నీదే గాబట్టి నీకే చెప్తాండా. తుమ్ములు, దురద, నాలుగు దద్దుర్లు, అంతేనా, మాత్ర ఇచ్చి కనిపెట్టుకొని ఉండు. గొంతు మారిందా, ఊపిరి ఎగబట్టిందా, కండ్లు తిరిగినాయా, దద్దుర్లతో పాటు వాంతయిందా, మాత్రతో కూర్చోవాకు. సూదే. తగ్గకపోతే అయిదు పది నిమిషాలకు ఇంకొకటి. తగ్గినా సరే ఆస్పత్రికి పోవాల్సిందే. అవునో కాదో తేలడంలేదు, ఇంకాసేపు సూద్దామంటే మనిషి దక్కదు. కొంచెం అనుమానం వచ్చిందా, వేసేయాల."

అమరావతి తలూపింది. ఇన్నేళ్ళ కాపురంలో అనుమానపడమని ఆమెకు చెప్పిన మనిషి ఈమె ఒక్కతే.

"అందర్నీ నమ్మేవాళ్ళు దీనికి పనికిరారు. మంచివాళ్ళు, ఏం గాదులే అంటారు," అని డాక్టరమ్మ కొత్త చీటీ మీద మందు పేరు రాసింది. మూడు బుడ్లు రాసింది.

బస్టాండులో నీరజ కుప్పం బస్సు ముందు ఆగింది.

"నేను పుంగనూరులో దిగనత్తా. కుప్పం పోతాండా."

"వానికి ఇల్లు దొరకలేదు గదా?"

"ఫ్యాక్టరీ కాడ రూముంది. ఒకటే గది. చాలు."

"వంటకు..."

"చాలంటాండా గదా."

కండక్టరు వచ్చినప్పుడు నీరజ తనకు కుప్పానికి ఒకటి తీసుకుంది. అమరావతి పుంగనూరుకు ఒకటి తీసుకుంది. నీరజ నడిమి వరుసలో కిటికీ పక్కన కూర్చుని, పక్కసీట్లో సంచి పెట్టుకుంది. అమరావతి రెండు వరుసలు వెనక కూర్చుని, ఆ పిల్ల మెడ వైపు చూస్తూ వచ్చింది. నిన్నటి దద్దుర్లు లేత గులాబీరంగు మచ్చలుగా మిగిలాయి. వాడి దగ్గర ఏం చెబుతుంది? ఎంత చెబుతుంది? అంతా చెబితే కొడుకు ఇంటికి రావడం మానేస్తాడు. ఏమీ చెప్పకపోతే అది ఇంకా భయం. నిలబడి బతిమాలుదామంటే ఏమని? అట్లా అవుతుందని కలపలేదనా?

పుంగనూరు వచ్చింది. అమరావతి లేచి తలుపు దాకా వచ్చింది. కింద ఒక పెళ్ళి గుంపు ఎక్కడానికి సిద్ధంగా ఉంది. ఆడవాళ్ళు ఆరేడుగురు. ప్రతి జడలోనూ చామంతి. ముందున్నామె నడుముకు ఒక వెదురుబుట్ట, అంచుల దాకా పసుపు.

అమరావతి మెట్టు మీదే నిలబడి, తలుపుకు రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"ఎక్కొద్దు. ఆ పూలు తీసేసి ఎక్కండి."

"ఏమక్కా, పిచ్చి గిచ్చి పట్టిందా? నువ్వు పూలంగడి అమరక్క గదా! పొద్దున మీ ఆయన కాడ కొనిన పూలే ఇవి!"

"అందుకే చెప్తాండా. మా అంగడి పూలు మంచివి కావు. తీసేయ్."

"మూర పది రూపాయలు పోసి..."

"రేపు అంగటికి రా, మూరకు రెండు మూరల మల్లెలిస్తా. ఇప్పుడు తీసెయ్ తల్లీ. లోపల పడని పిల్ల ఉండాది. నిన్న సచ్చి బతికింది."

వెనక నుంచి కండక్టరు ఈల వేశాడు. డ్రైవరు హారను కొట్టాడు. ఎవరో నవ్వారు, ఎవరో తిట్టారు. అమరావతి చేతులు తీయలేదు. చివరకు బుట్ట బస్సు మీదికి పోయింది, గోనె కప్పి తాడేసి కట్టించింది. జడల్లోని పూలు ఒక్కొక్కటే చెత్తకుండీలో పడ్డాయి. ఒకావిడ జుట్టులో రెండు రేకలు ఇరుక్కుని ఉంటే అమరావతే ఆమె తల వంచి, ఏరి, పారేసి, కుళాయి దగ్గర చేతులు మోచేతుల దాకా కడుక్కుని వచ్చింది. అప్పటికి బస్సు కదులుతోంది. ఎక్కేసింది.

"నీది పుంగనూరు టికెట్టు గదమ్మా?" అన్నాడు కండక్టరు.

"కుప్పానికి ఇంకొకటి కొట్టప్పా."

టికెట్టు పట్టుకుని నడిమి వరుస దగ్గరికి వచ్చి, సీటు కమ్మీ పట్టుకుని నిలబడింది. పక్కసీట్లో సంచి అట్లాగే ఉంది. నీరజ కిటికీలోంచి అంతా చూసిందని ముఖం చూస్తే తెలుస్తోంది. ఏమాలోచిస్తోందో మాత్రం తెలియలేదు. అమరావతి కనిపెట్టడానికి ప్రయత్నించలేదు.

"నీరజా, వాని కాడ నువ్వు చెప్పొద్దు. నేనే చెప్తా, నీ ముందరనే. ఆపైన మీ ఇద్దరూ ఏమన్నా సరే."

నీరజ సంచి మీద చెయ్యి వేసింది. అమరావతి ఆ చెయ్యి వైపు చూసింది. చెయ్యి సంచిని తీయలేదు.

"ఈడ వద్దత్తా," అంది నీరజ. గొంతు ఇంకా కొంచెం బొంగురుగానే ఉంది. "తలుపు కాడ సీటు ఖాళీగా ఉండాది, సూడు. ఆడ కూర్చో. పలమనేరులో చాలామంది ఎక్కుతారు."

అమరావతి వెళ్ళి తలుపు పక్క సీట్లో, మెట్ల వైపు ముఖం పెట్టి కూర్చుంది. పలమనేరుకు ఇంకా చాలా దూరముంది. అయినా, దారిలో చెయ్యెత్తిన మొదటి ముసలమ్మ బస్సెక్కబోతుంటే, ఆమె సిగముడి కనబడేదాకా తల తిప్పించి మరీ చూసింది.